ట్యాబ్‌లు ఉన్నాయి, ప్రశ్నలకు సమయమివ్వండి

సంపాదకులకు,

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు అందాయి. ఆ తర్వాత హైస్కూళ్ల తరగతి గదుల్లోకి డిజిటల్ తెరలూ వచ్చాయి. సంతోషం. అయితే మా అనంతపురం జిల్లాలో నేను చూసిన తరగతుల్లో వాటిమీద వీడియో పాఠం నడుస్తుంది, పిల్లలు జవాబులు రాసుకుంటారు, అంతటితో సరి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. ఇక్కడి పిల్లలకు ప్రశ్నలు వెతికి పెట్టనక్కరలేదు. వాన కురిసినా వేరుశనగ ఎందుకు దెబ్బతింది? పక్క పొలంలో కొత్త బోరు పడితే మన బోరులో నీళ్లెందుకు తగ్గాయి? తొమ్మిదో తరగతి పిల్లలు బడి ఆవరణలో వానమాపకం పెట్టి, జూన్ నుంచి రోజూ కొలత రాసి, ట్యాబ్‌లో గ్రాఫు గీసి, వాతావరణ శాఖ లెక్కలతో పోల్చనివ్వండి. మొత్తం వాన ఎంతన్నదానికంటే, ఊడలు దిగే దశలో (పూత తర్వాత కాయ కట్టే కాడలు నేలలోకి దిగే సమయంలో) వరుసగా ఎన్నాళ్లు చినుకు లేదన్నదే పంటను ఎక్కువగా దెబ్బతీస్తుందని వాళ్లే కనిపెడతారు. అలా కనిపెట్టిన పిల్లవాడికి ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు!

2020 జాతీయ విద్యా విధానం కూడా అన్వేషణతో కూడిన బోధననే కోరింది. సిలబస్ ఒత్తిడిలో ఉపాధ్యాయులకు దానికి తీరిక లేదు. జిల్లా విద్యాశాఖ వారానికి రెండు పీరియడ్లు ఇందుకు కేటాయించి, ఆ పనికి అంతర్గత మూల్యాంకనంలో మార్కులు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు, అనంతపురం