పెట్రిఫైడ్ అంటే రాయా, భయమా: ఒక మార్కు గొడవ

పేరెంట్స్ అందరికీ నమస్కారం అండి,

శనివారం నుంచి సెవెన్త్ బి వాట్సాప్ గ్రూపులో ఏం నడుస్తోందో నాకు తెలుసు, నలుగురు స్క్రీన్‌షాట్లు పంపారు, అందులో ఒకటి రాత్రి పదకొండుంబావుకి. ఇంగ్లీష్ యూనిట్ టెస్టులో "పెట్రిఫైడ్"కి అర్థం అడిగితే ఒక బాబు "రాయిగా మారిపోయిన" అని రాశాడు, టీచర్ కొట్టేసి పక్కన "బాగా భయపడిన" అని రాశారు. వాక్యం ఇవ్వకుండా ఉత్త మాట ఇచ్చాం, తప్పు మాదే. మార్కు వేయించాను.

అసలు బాబు రాసిందే మొదటి అర్థం. గ్రీకులో పెట్రా అంటే రాయి, మన బండ్లలో పోయించుకునే పెట్రోల్లో ఉన్నదీ ఆ రాయే, పెట్రోలియం అంటే రాతినూనె. భయానికి కాలూ చెయ్యీ ఆడక రాయిలా నిలబడిపోతే పెట్రిఫైడ్. మనమేమో కొయ్యబారిపోయాడు అంటాం, వాళ్లకి రాయి, మనకి కొయ్య! తమాషా ఏంటంటే పుదుచ్చేరి దగ్గర తిరువక్కరైలో కొయ్యే రాయైపోయింది, సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి చెట్లు, లోపలి వలయాలు, కణుపులతో సహా అచ్చం దుంగలే, ముట్టుకుంటే బండరాయి. వాటినీ పెట్రిఫైడ్ వుడ్ అనే అంటారు.

ఇంకోటి, ఇది మామూలు భయం కాదు కాబట్టి వెరీ పెట్రిఫైడ్ అంటే అతకదు, కావాలంటే ఆబ్సల్యూట్లీ పెట్టుకోండి. మొన్న ఒక లీవ్ లెటర్లో "మై సన్ ఈజ్ పెట్రిఫయింగ్" అని వచ్చింది, అంటే మా అబ్బాయి అందరినీ హడలగొడుతున్నాడని అర్థం అండి. పాపం ఆ పిల్లాడు నోట్లో నాలుక లేనివాడు. (ఆ మాట సరిపోయే వాళ్లు వేరే ఉన్నారు, పేర్లెందుకు.)

సిక్స్త్ ఎ పిల్లల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. భయానికి తెలుగు మాటలు తెమ్మంటే జడుపు, బెదురు, గుబులు, హడలు, దడ అన్నీ తెచ్చారు, ఒక పాప అయితే వాళ్ల నాయనమ్మని అడిగి "పై ప్రాణాలు పైనే పోయాయి" అని బోర్డు మీద రాసింది, నేను స్టాఫ్ అందరినీ పిలిచి చూపించాను. ఫోన్లో వెతికితే ఈ సరదా రాదండి. ఇంట్లో ఒక్క డిక్షనరీ కొనండి, టీవీ పక్కన పెట్టినా పర్లేదు, పిల్లాడు ఒక మాట కోసం తెరిచి పది మాటలు చూసి మూస్తాడు, ఆ పదీ ఎవరూ నేర్పనివి.

సరే, బస్ ఫీజు పదో తారీఖు లోపు, ఐడీ కార్డుల ఫొటోలు వెంటనే.

చివరగా, నిన్న కుళాయి దగ్గర ఎల్‌కేజీ పాప నన్ను చూసి అలాగే బిగుసుకుపోయింది, బాటిల్ నిండి నీళ్లు బూట్ల మీద పోతున్నా కదల్లేదు. అడిగితే, అన్నం తినకపోతే హెడ్ మేడంకి చెప్తామని ఇంట్లో రోజూ అంటారట. మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, బూచి ఉద్యోగం నాకొద్దండి, ఉన్న పనికే టైం చాలట్లేదు.

సెవెన్త్ బి పేపర్లు సోమవారం ఇంటికి వస్తాయి. సంతకం మీరే పెట్టండి, అక్క చేత పెట్టిస్తే మాకు తెలిసిపోతోంది.

మీ హెడ్ మేడం