పాపకి, ఆది జాకెట్టుతో పాటు

తిరుపతి,
ఆదివారం రాత్రి

పాపా,

పొద్దున ఫోన్లో నువ్వు చెప్పింది విని ఏమీ అనలేదు, షాపులో మనుషులున్నారు. రెండు నెలలుగా జిమ్ముకి పోతున్నా కాటాలో 62 దగ్గరే ఉంది, రేపటి నుంచి రాత్రి తిండి మానేస్తా అన్నావే, అప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది. మానకు. ఎందుకంటే నీకు చెప్పని సంగతి ఒకటుంది.

పోయినేడు నేను సన్నబడ్డాను, గుర్తుందా? షుగరు బార్డర్లో ఉందనేసరికి టెన్షన్ పడిపోయి పొద్దున రాగి జావ, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, రాత్రి మజ్జిగతో సరిపెట్టుకున్నాను. సాయంత్రం కపిలతీర్థం దాకా నడక. మూడు నెలల్లో 5 కిలోలు తగ్గాను. చూసినవాళ్లంతా మెచ్చుకుంటే పొంగిపోయి, ఆ ఊపులో కొండకి నడిచి పోయాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు. పెళ్లికి ముందు మాట్లాడుకుంటూ ఎక్కినదాన్ని, గాలిగోపురం చేరేసరికే తొడలు వణికాయి. మోకాళ్ల పర్వతం దగ్గర జనం మొక్కుకుని మోకాళ్ల మీద ఎక్కుతారు కదా, నేనూ చేతులు ఆనించి అట్లాగే ఎక్కాను. మొక్కు లేదు ఏమీ లేదు, కాళ్లు లేవలేదంతే. మీ నాయన అది భక్తి అనుకున్నాడు. నేనూ కాదనలేదు.

ఇంటికొచ్చాక నా ఆది జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఊరందరి కొలతలూ తీస్తున్నాను గానీ నా ఒంటికి టేపు పెట్టింది లేదు. చేతులు ముప్పావు అంగుళం లూజు. భుజాలు జారిపోతున్నాయి. తగ్గాలనుకున్న నడుము దగ్గరేమో ఒక్క అంగుళమే. మోకాలి నొప్పికి పోతే ఫిజియోథెరపీ అమ్మాయి విడమరిచి చెప్పింది: తిండి బాగా తగ్గించి, కండకి పని చెప్పకపోతే ఒళ్లు కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుందట. కాటాకి ఆ తేడా తెలీదు. కొవ్వు పోయినా, కండ పోయినా, నీళ్లు పోయినా దానికి ఒకటే.

నీకు ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు కావొచ్చు. కొత్తగా బరువులు ఎత్తేటప్పుడు కండలు నీళ్లు పట్టి ఉంచుకుంటాయి, కొంచెం కండా పెరుగుతుంది, అందుకే కొవ్వు తగ్గినా ముల్లు కదలకపోవచ్చు. నెలసరి ముందు ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ కావడం నీకు తెలిసిందే. రాత్రి తిండి మానేస్తే వారంలో బరువు తగ్గుతుంది, నిజమే. మొదట పోయేది ఎక్కువగా నీళ్లే. మళ్లీ రెండు రోజులు అన్నం తింటే తిరిగొస్తుంది, ఏడుపూ తిరిగొస్తుంది.

అందుకని ఈ పార్సిల్లో టేపు పెట్టాను. పొద్దున్నే ఏమీ తినకముందు, బొడ్డు మీదుగా, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలువు. (లాక్కుంటావని నాకు తెలుసు, జాకెట్టు కొలతకి వచ్చే వాళ్లందరూ లాక్కుంటారు, తర్వాత బిగుతైందని నన్నే అంటారు.) పదిహేను రోజులకొకసారి చాలు.

ఇక తిండి. అవ్వకి ఫోన్ చేస్తే సంగటి తింటే బలం అంటుంది. సంగటి మంచిదే, క్యాల్షియం దండిగా ఉంటుంది. ప్రోటీన్ మాత్రం వంద గ్రాముల రాగి పిండిలో ఏడే గ్రాములు. మన పెద్దోళ్లకి కండ పట్టించింది సంగటి ఒక్కటే కాదు, పక్కన ఉన్న ఉలవలు, పగలంతా చేసిన పొలం పనీను. ఉలవల్లో వందకి 22 గ్రాములు ఉంటుంది. మీ హైదరాబాదు తార్నాకలోనే ఉన్న పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. బరువులెత్తే వాళ్లకి 1.2 నుంచి 1.6 దాకా మంచిదంటారు. అంటే నీకు రోజుకి 75 గ్రాములకి తగ్గకూడదు. మూడు గుడ్లకి 18, గ్లాసు పాలకి 8, గిన్నెడు పెరుగుకి 6, నానబెట్టని మీల్ మేకర్ 50 గ్రాములు తీసుకుని వండితే 25 పైనే. పప్పు, చపాతీ, అన్నం కలిస్తే లెక్క సరిపోతుంది. డబ్బా పొడి కొనాలనే పనిలేదు, హాస్టల్ తిండితో కుదరకపోతే కొనుక్కో, అదేం పాపం కాదు. చెనక్కాయలు మాత్రం గుప్పెడే. పప్పు కదా అని కూర్చుని తింటే నూనె తాగినట్టే. తగ్గించాలంటే మిక్చరు తగ్గించు, రోజుకి నాలుగు టీల్లో చక్కెర తగ్గించు, అర్ధరాత్రి తెప్పించుకునే బిర్యానీ తగ్గించు. అన్నం మీద పగబట్టొద్దు.

ఆడపిల్ల బరువులెత్తితే మగరాయుడిలా అవుతుందని అవ్వ గొణుగుతూనే ఉంటుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందని టీవీలో చూసి చప్పట్లు కొట్టింది ఆమే! నువ్వు ఎత్తేదానికి అంత భయమెందుకో. పన్నెండు సార్లు సులువుగా ఎత్తగలిగితే కాస్త బరువు పెంచు, వారానికి మూడు రోజులు చాలు, మిగతా రోజులు నిద్రపో.

నేనూ మొదలుపెట్టాను. మిషన్ ముందరి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి ఆనుకుని దండీలు. మధ్యాహ్నం గుడ్డు, రాత్రి అన్నంలోకి ఉలవలో అలసందలో. 20 లీటర్ల నీళ్ల క్యాను స్టాండు మీద పెట్టడానికి ఇన్నాళ్లూ పక్కింటి పిల్లోణ్ణి పిలిచేదాన్ని. పోయిన గురువారం వాడు ఇంట్లో లేడు. మోకాళ్లు వంచి, క్యాను ఒంటికి ఆనించుకుని లేచాను, పెట్టేశాను. ఒక చుక్క కూడా ఒలకలేదు. చూడ్డానికి ఇంట్లో ఎవరూ లేరని కాస్త బాధేసింది.

కాటాలో నాకు నాలుగు నెలల్లో ముప్పావు కిలోనే తగ్గింది. నడుము రెండు అంగుళాలు తగ్గింది.

సంక్రాంతికి వస్తావు కదా, అప్పటికి అనపకాయలు వచ్చి ఉంటాయి, పితికిపప్పు చేస్తాను. నీ పట్టు జాకెట్టు పాత ఆదితోనే కుట్టాను, చేతుల దగ్గర మాత్రం లోపల ముప్పావు అంగుళం గుడ్డ వదిలిపెట్టాను. బిగిస్తే కుట్టు విప్పుకోవచ్చు.

అమ్మ