మీరు చెప్పిన 0.36 ఎక్కడొస్తుందో చూపించండి సార్

సర్వీస్ హెడ్ గారికి,

నమస్తే సార్. గచ్చిబౌలిలో మా ఆఫీస్ బిల్డింగ్‌కి పోయిన ఏడాది మీ దగ్గర ఏసీకి నీళ్ళు చల్లబరిచే రెండు 300 టన్నుల సెంట్రిఫ్యూగల్ చిల్లర్లు, కంప్రెసర్ స్పీడ్ మార్చే వీఎఫ్‌డీ ఉన్నవి, తీసుకున్నాం. చల్లదనానికి వంక పెట్టను, మెషిన్లు బాగానే ఉన్నాయి. గొడవంతా మీ సేల్స్ అబ్బాయి వేసిచ్చిన కరెంట్ లెక్క మీదే.

కొటేషన్‌లో ఫుల్ లోడ్‌కి టన్ను చల్లదనానికి 0.60 కిలోవాట్, ఐపీఎల్‌వీ (వేర్వేరు లోడ్లకి వెయిట్ వేసి తీసే సగటు) 0.36 అని రాసి, "సార్ బిల్డింగ్ ఏడాదంతా ఫుల్ లోడ్‌లో ఉండదు కదా, మీకు పడేది 0.36యే" అన్నాడు, మా ఎండీ గారు సరేనని సంతకం పెట్టేశారు (ఐపీఎల్‌వీ అంటే మొదట క్రికెట్ అనుకున్నారు, అది వేరే సంగతి). ఇప్పుడు చల్లదనం కొలిచే బీటీయూ మీటర్, కరెంట్ కొలిచే ఎనర్జీ మీటర్ రెండూ పెట్టి జులై అంతా లాగ్ రాశాం. పగలు సగటున 250 టన్నుల మీద 0.55 వస్తోంది. రోజుకి 14 గంటలు, నెలకి 26 రోజులు వేసుకోండి, మీరు చెప్పినదానికన్నా 17 వేల యూనిట్లు ఎక్కువ.

మీ వాళ్ళకి ఫోన్ చేస్తే ట్యూబులు క్లీన్ చేయించమన్నారు. చేయించాం, నంబర్ కదల్లేదు.

ఇక నేనే కూర్చుని చిల్లర్ల రేటింగ్ ఎలా వేయాలో చెప్పే ఏహెచ్‌ఆర్‌ఐ స్టాండర్డ్ చదివా. ఐపీఎల్‌వీలో ఫుల్ లోడ్‌కి వెయిట్ 1 శాతమే, 75 శాతం లోడ్‌కి 42, 50కి 45, 25కి 12. ఇంతవరకైతే సర్దుకుపోవచ్చు, కానీ అసలు కిటుకు కండెన్సర్ నీళ్ళలో (మెషిన్ వేడిని మోసుకెళ్ళి కూలింగ్ టవర్‌లో వదిలే నీళ్ళు) ఉంది. ఫుల్ లోడ్‌కి 29.4 డిగ్రీల నీళ్ళు తీసుకుని, 75కి 23.9, 50కీ 25కీ ఏకంగా 18.3 తీసుకుంటారు. జులైలో ఇక్కడ వెట్ బల్బే (గాలిలో తేమని బట్టి, టవర్ నీళ్ళు అంతకన్నా చల్లబడలేని హద్దు) 23, 24 ఉంటే టవర్ నుంచి 18 డిగ్రీల నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి సార్, ఐస్ గడ్డలు కొనాలా? మాకొచ్చేవి 27, 28. లిఫ్ట్ (కంప్రెసర్ గ్యాస్‌ని ఎక్కించాల్సిన ప్రెజర్ తేడా) తగ్గితేనే కదా వీఎఫ్‌డీ స్పీడ్ బాగా దించేది, లోడ్ తగ్గినా లిఫ్ట్ అలాగే ఉంటే మిగిలేది చాలా తక్కువ. రాత్రిపూట 60 టన్నులే ఉన్నప్పుడు సర్జ్ అవకుండా, అంటే కంప్రెసర్‌లో గ్యాస్ వెనక్కి తన్నకుండా, వేడి గ్యాస్‌ని వెనక్కి తిప్పే హాట్ గ్యాస్ బైపాస్ తెరుచుకుంటోంది, అప్పుడైతే 0.9 కూడా చూశాం.

పైగా ఐపీఎల్‌వీ ఒక్క చిల్లర్ లెక్క. మా దగ్గర రెండున్నాయి కాబట్టి బిల్డింగ్ లోడ్ 40 శాతానికి పడితే ఒకటి ఆపేస్తాం, రెండోది 80 దాకా లోడ్‌లోనే నడుస్తుంది. ఈ తేడా మీ వాడికి తెలియదనుకోవాలా, తెలిసే దాచాడనుకోవాలా? పంపులు, టవర్ ఫ్యాన్లు అందులో కలవవన్న మాటా చెప్పలేదు. రేటింగ్ అబద్ధమని నేననట్లేదు, దాన్ని తీసుకొచ్చి మా కరెంట్ బిల్లుకి అతికించడమే కాకి లెక్క.

మాకు కావాల్సింది ఇది. 26, 28, 30 డిగ్రీల కండెన్సర్ నీళ్ళకి, 20 నుంచి 100 శాతం లోడ్ వరకు ఈ రెండు సీరియల్ నంబర్ల మెషిన్ల పెర్ఫార్మెన్స్ టేబుల్ ఫ్యాక్టరీ నుంచి తెప్పించండి. మీ ఇంజినీర్ని ఒక వారం మా ప్లాంట్ రూమ్‌కి పంపండి, మా మీటర్ల మీద నమ్మకం లేకపోతే మీ మీటర్లే తెచ్చుకోండి. టేబుల్‌కి మెషిన్ సరిపోతే మెషిన్ మీద ఇంకో మాట అనం, కానీ కొటేషన్‌లోని సేవింగ్స్ పేజీ తప్పని రాసివ్వాలి. సరిపోకపోతే బాగుచేయాలి. అప్పటిదాకా ఆపిన 5 శాతం బిల్లు కోసం అకౌంట్స్ వాళ్ళకి రోజూ ఫోన్లు చేయించకండి.

ఇట్లు,
ఫెసిలిటీ మేనేజర్