వార్షిక నివేదిక: లిండిస్‌ఫార్న్ దీవి యాత్ర

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు మీ అందరి సాయంతో బాగా జరిగాయి. తెలుగు బడి ఆగకుండా నడిచింది. జమాఖర్చులు విడిగా పంపుతున్నాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ యాత్రకే ఇస్తున్నాం. ఇన్నేళ్ళుగా న్యూకాసిల్ చుట్టుపక్కలే ఉంటున్నా, మనలో చాలామంది అక్కడికి వెళ్ళింది కోట ముందు ఫొటో దిగడానికే. ఈసారి పిల్లలకు దీవి చరిత్ర, అక్కడి పక్షులు చూపించాలని బయల్దేరాం.

రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దీవికి వెళ్ళే రోడ్డును ముంచేస్తుంది. అందుకే కౌన్సిల్ ప్రకటించే వేళలు చూసుకున్నాకే బస్సు మాట్లాడాం, భోజనాల వేళ కూడా మార్చుకున్నాం. దారిలో ఎత్తయిన స్తంభాల మీద తెల్లటి చిన్న గది ఉంది. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళు ఎక్కి తలదాచుకోవడానికి కట్టారు. దాన్ని చూశాక పిల్లలకు పోటు గురించి మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

635లో ఇక్కడి రాజు ఆస్వాల్డ్ పిలిస్తే స్కాట్లండ్ పక్కనున్న అయోనా దీవి నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసి ఎయిడన్ ఇక్కడ మఠం పెట్టాడు. 700 ప్రాంతంలో దూడ చర్మం మీద ఇక్కడ రాసిన సువార్తల ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 793లో వైకింగులు, అంటే ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన దోపిడీదారులు, మఠాన్ని దోచారు. నేడు కనిపించే శిథిలాలు 12వ శతాబ్దపు ప్రయరీవి, అంటే తర్వాత కట్టిన క్రైస్తవ మఠానివి. కప్పు ఎప్పుడో పోయినా, సన్నటి రాతి కమాను ఒకటి ఇంకా ఆకాశానికి అడ్డంగా నిలిచే ఉంది. పెద్దలు చాలాసేపు అక్కడే ఉండిపోయారు. రేవు దగ్గర హెరింగ్ చేపలు పట్టే పాత పడవలను బోర్లించి సామాన్ల కొట్లుగా వాడుకోవడం పిల్లలకు అంతకంటే నచ్చింది.

దూరపు ఇసుక దిబ్బల మీద గ్రే సీళ్ళు అనే సముద్ర జంతువులు మూలుగుతున్నట్టు అరుస్తుంటే ఒడ్డుదాకా వినిపించింది. ఇక ముఖ్యమైన మాట. లిటిల్ టెర్న్ అనే చిన్న పక్షి గూడు కట్టదు, ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు గులకరాళ్ళలో కలిసిపోతాయి, పక్కనే నిలబడినా కనిపించవు. మే నుంచి ఆగస్టు దాకా తాడు కట్టిన చోటికి ఎవరూ వెళ్ళొద్దు, కుక్కలను వదలొద్దు. సొంతంగా వెళ్ళే కుటుంబాలు కూడా ఇది తప్పకుండా పాటించాలి.

స్వాల్‌బార్డ్ అనే ఆర్కిటిక్ దీవుల నుంచి వచ్చే బ్రెంట్ బాతులు చలికాలమంతా ఇక్కడి బురద మేటల్లో సముద్రపు గడ్డి మేస్తాయి. వాటిని చూడటానికి వచ్చే చలికాలంలో మళ్ళీ వెళ్దామని కార్యవర్గం నిర్ణయించింది. పిల్లల కోసం బైనాక్యులర్లు సంఘం నిధితో కొంటున్నాం. రాదలిచినవారు నెలాఖరులోగా కార్యదర్శికి పేర్లు ఇవ్వండి.