జబ్బు సంగతి రాయండి, ఇంటి ఆనవాళ్ళు రాయొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కోవూరులో మెడికల్ షాపు నడుపుతున్నాను. మీ పేపరు పొద్దున్నే షాపు షట్టరు కింద పడి ఉంటుంది, నేను చదివేలోపే నలుగురు తిరగేసి పోతారు, అందుకని ఏ వార్తకి జనం ఎటు ఉలిక్కిపడతారో నాకు కౌంటరు దగ్గరే తెలిసిపోతుంది. ఈ ఉత్తరం మీ ఒక్క పేపరు మీద ఫిర్యాదు కాదు. పేపర్లు, టీవీలు, వాటన్నిటికంటే ముందు పరిగెత్తే వాట్సాప్ గ్రూపులు, అందరి గురించీ.

2024 డిసెంబరులో మన జిల్లా మెట్టలో ఒక చిన్న పిల్లవాడికి జికా వైరస్ అనుమానం అన్నారు. మర్నాటికల్లా ఊరి పేరు, బాబు వయసు, ఏ ఆస్పత్రి నుంచి ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళారో అన్నీ బయటికి వచ్చేశాయి. 2025 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒకావిడ గిలియన్ బారీ సిండ్రోమ్ (జీబీఎస్)తో గుంటూరులో చనిపోయినప్పుడూ ఇదే తంతు. ఆ మండలాల పేర్లు, ఊర్ల పేర్లు నేను కావాలనే రాయడం లేదు. జికా వచ్చేది దోమ వల్ల, అదీ పగలు కుట్టే దోమ, డెంగీని తెచ్చేది కూడా అదే, ఇంట్లో నిలవ ఉన్న మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. జీబీఎస్ అయితే అసలు అంటుజబ్బే కాదు, మన ఒంట్లో రోగాన్ని అడ్డుకోవాల్సిన శక్తి దారి తప్పి మన నరాల మీదే పడుతుంది, కాళ్ళలో తిమ్మిరితో మొదలై పైకి పాకుతుంది. ఈ రెండు సంగతులూ తెలిసినవాడు తొట్టి బోర్లించుకుంటాడు, తిమ్మిరి పట్టిన మనిషిని వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్తాడు. కానీ మా షాపు దగ్గర ఆ వారం నన్ను అడిగింది ఏమిటంటే, "అన్నా, ఆ ఊరోళ్ళు మన సంతకి వస్తారా?" అని.

2020లో ఇదంతా చూసిన వాళ్ళం కదా, ఇంకా నేర్చుకోలేదేమిటి అనిపిస్తుంది నాకు.

రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు నెల్లూరులోనే, 2020 మార్చి 12న బయటపడింది, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి. ఆ అబ్బాయి కోలుకుని ఇంటికి కూడా వెళ్ళాడు, అది సంతోషం. కానీ ఆయన కోలుకున్న వార్త ఎంతమందికి చేరిందో గాని, ఆయన ఎవరు, ఎక్కడుంటాడు, ఎవరి పిల్లవాడు అన్న మెసేజీలు మాత్రం మా ఫోన్లలోకి వద్దన్నా వచ్చాయి. నెల్లూరు నుంచి అంటే చాలు బయట ఊర్ల వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసే రోజులవి. మా షాపుకి సరుకు తెచ్చే డ్రైవరు డబ్బులు చేత్తో తీసుకోకుండా అట్టపెట్టెలో వెయ్యమని దూరం నుంచే చెప్పేవాడు. ఆయన భయం ఆయనది, నేనేమీ అనలేదు.

తర్వాత ఢిల్లీ మర్కజ్‌లో మత సమావేశానికి వెళ్ళొచ్చిన వాళ్ళలో కేసులు రావడంతో నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ ఇంకో రకం మొదలైంది. పేర్లతో జాబితాలు తిరిగాయి, అందులో ఏది నిజమో ఏది ఎవరు అల్లారో చెప్పే దిక్కులేదు. ఏళ్ళ తరబడి వీధిలోకి పండ్లు తెచ్చే సాయిబు దగ్గర కొనడం మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఆయన ఢిల్లీ కాదు కదా, కావలి కూడా దాటి ఎరగడు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. 2020 వేసవిలో జ్వరం, దగ్గు, జలుబు మందులు ఎవరు కొన్నా పేరు, ఫోన్ నంబరు రాసుకుని పైవాళ్ళకి పంపమని మెడికల్ షాపులకి ప్రభుత్వం చెప్పింది, దానికి ఒక యాప్ కూడా పెట్టారు. ఉద్దేశం మంచిదే. జ్వరం ఉన్నవాడు ఎక్కడున్నాడో తొందరగా తెలిస్తే టెస్టు చేయొచ్చని. కానీ జరిగిందేమిటి? మా వీధి వాళ్ళు మా షాపుకి రావడం మానేశారు! పారాసెటమాల్ అడిగేవాళ్ళంతా ముఖం తెలియని వాళ్ళే. మా వాళ్ళు బుచ్చిరెడ్డిపాళెం పోయేవాళ్ళు, పెన్నా బ్రిడ్జి దాటి నెల్లూరు పోయేవాళ్ళు, అక్కడి వాళ్ళు ఇటొచ్చేవాళ్ళు. ఒళ్ళు కాలిపోతున్న మనిషి ఎండలో బండి మీద అంత దూరం పోయి, "మా నాయనకి ఒళ్ళు నొప్పులు" అని అబద్ధం చెప్పి మాత్రలు తెచ్చుకునేవాడు. ఒకావిడ అయితే మాత్రలు చేతిలో పెట్టగానే స్ట్రిప్పు చించి కొంగులో ముడేసుకుని, "అబ్బయా, మా పక్కింటోళ్ళకి తెలిస్తే మా పాపకి సంబంధం తప్పిపోద్ది" అంది. ఆవిడ భయం వైరస్ గురించి కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

అట్లా దాచుకుని, దాచుకుని, ఆయాసం వచ్చాక గాని ఆస్పత్రికి పోలేదు చాలామంది. ఈ జబ్బులో ఇంకో మోసం ఉంది, ఆక్సిజన్ పడిపోతున్నా కొందరికి పెద్ద ఇబ్బంది తెలియదు, మాట్లాడుతూనే ఉంటారు, వేలికి పెట్టే ఆ చిన్న మిషన్‌లో 94 కంటే కిందికి పోయిందంటే మాత్రం ఇక ఇంట్లో కూర్చోకూడదు. ఆ మిషన్ కొనడానికీ సిగ్గే. ఆక్సీమీటరు కొన్నాడంటే వాళ్ళింట్లో ఉన్నట్టే అని చూసేవాళ్ళు చెప్పుకునేవాళ్ళు మరి.

వీళ్ళని మూర్ఖులు అని నేను అనలేను. పాజిటివ్ అని తెలిస్తే ఏం జరుగుతుందో వాళ్ళు కళ్ళారా చూశారు. వీధి మొదట్లో సర్వి కర్రలు అడ్డం కట్టేవాళ్ళు, బ్లీచింగ్ చల్లేవాళ్ళు, అంతవరకు సరే. తర్వాత పాలు పోసేవాడు రాడు, కుళాయి దగ్గర బిందె పెట్టనివ్వరు, రిపోర్టు నెగటివ్ వచ్చి ఇంటికి తిరిగొచ్చిన మనిషిని కూడా అరుగు మీద కూర్చోనివ్వరు. చచ్చిపోయిన వాళ్ళకీ తప్పలేదు. 2020 ఏప్రిల్‌లో మన నెల్లూరు ఎముకల డాక్టరు ఒకాయన కరోనాతో చెన్నైలో చనిపోతే, అంబత్తూరు శ్మశానం దగ్గర స్థానికులు దహనం చేయనివ్వలేదు. వేలమందికి కట్టు కట్టిన మనిషాయన. డాక్టరుకే ఆ గతి పడితే మామూలోడు నోరు తెరిచి నాకు జ్వరం అని ఎట్లా చెప్పుకుంటాడండీ?

కుళాయి దగ్గర బిందె పెట్టనివ్వని ఆ వీధి వాళ్ళే, చెన్నై నుంచి ఒడిశాకీ బీహారుకీ పిల్లల్ని చంకనేసుకుని నడిచిపోతున్న కూలీలకి హైవే మీద నిలబడి సాంబారన్నం, మజ్జిగ ప్యాకెట్లు పంచారు, చెప్పులు కొనిచ్చిన వాళ్ళున్నారు. అది కూడా నేను చూశాను. మనుషులు చెడ్డవాళ్ళు అని తీర్మానం చేయడానికి అందుకే నాకు మనసొప్పదు.

కృష్ణపట్నం సంగతి ఎత్తకుండా మా జిల్లా కరోనా గురించి ఎవరూ రాయరు, నేనూ ఎత్తుతాను, కానీ మీరు అనుకునే కోణంలో కాదు. 2021 మే నెలలో ఆనందయ్య గారు కరోనాకి ఇచ్చే మూలికల మందు కోసం అక్కడికి వేలకి వేలు జనం వచ్చారు, 21వ తేదీన తొక్కిసలాటలాగా అయ్యేసరికి పంపిణీ ఆపేశారు, ఆయుష్ వాళ్ళు పరీక్షలు చేశారు, మే 31న కంట్లో వేసే చుక్కలు వద్దని, మిగతావాటిలో కొన్ని రకాలు ఇవ్వొచ్చని ప్రభుత్వం అంది. హాని లేదన్నారు గాని కరోనాని తగ్గిస్తుందని తేలలేదు. ఆ మందు మీద అటో ఇటో వాదించేవాళ్ళు ఇప్పటికీ మా షాపు ముందు వాదించుకుంటూనే ఉంటారు. నేను ఇంగ్లీషు మందులు అమ్ముకునేవాణ్ణి కాబట్టి నా మాట ఎట్లాగూ ఒప్పుకోరు, అది వదిలేద్దాం. నన్ను ఆలోచనలో పడేసింది వేరే. తన వీధిలో మాత్ర కొనడానికి సిగ్గుపడిన మనిషి, అక్కడ ఆక్సిజన్ సిలిండరుతో సహా అందరి ముందూ క్యూలో నిలబడ్డాడు. ఎందుకని? మందు ఉచితం, అది ఒక కారణం. ఆస్పత్రుల్లో మంచాలు దొరకని రోజులు, అది ఇంకా పెద్ద కారణం. కానీ అక్కడ పక్కవాడికీ జ్వరమే, ముందువాడికీ జ్వరమే, నీది ఏ ఊరు ఏ వీధి అని వేలెత్తి చూపేవాడు లేడు. మన టెస్టింగ్ సెంటర్లు ఆ ధైర్యాన్ని జనానికి ఇవ్వలేకపోయాయి. బయట పేర్లు గట్టిగా పిలిచేవాళ్ళు, గోడకి జాబితా అతికించిన చోటు కూడా ఉంది.

(ప్రకాశం జిల్లా కురిచేడు మాట కూడా ఒక ముక్క. 2020 జులై చివర్లో కరోనా కట్టడి అని అక్కడ మద్యం షాపులు మూసేస్తే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అడుక్కునేవాళ్ళు, కూలీలు. నాలుగు రోజులు వార్త, తర్వాత మర్చిపోయాం. చేతులు కడుక్కోవడానికి ఊరూరా అమ్మించిన సీసా మీద అది తాగితే చస్తారని పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాలని అప్పుడు ఎవరికీ తోచలేదు, ఇప్పటికీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే.)

జనానికి తెలియాలి కదా, తెలిస్తేనే కదా జాగ్రత్త పడతారు అని మీ విలేకరులు అంటారని నాకు తెలుసు. ఒప్పుకుంటాను, కొంతవరకు. ట్యాంకు నీళ్ళు చెడి ఊరంతా వాంతులు, విరేచనాలు అయితే ఊరి పేరు రాయాల్సిందే, ఆ ట్యాంకు ఫొటో కూడా వెయ్యాల్సిందే, నాలుగు రోజులు వరసగా వెయ్యండి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఊర్ల పేర్లు రాశారు, అదీ న్యాయమే, ఎక్కడ కోళ్ళు అమ్మకూడదో, ఎక్కడ తినకూడదో తెలియాలిగా. 2020 మొదట్లో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుతో కోళ్ళ రైతులు ఎట్లా మునిగారో చూశాం కాబట్టి, ఏది నిజం ఏది కాదు అని గీత గీసి చెప్పే వార్తకి విలువ ఉంది. కానీ ఒక మనిషికి వచ్చిన జబ్బు సంగతి వేరు. ఆ మనిషి ఎవరెవర్ని కలిశాడో వెతకడానికి ఏఎన్ఎమ్మలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు, వాళ్ళకి ఆ పేరు కావాలి. చాయ్ అంగడి దగ్గర కూర్చున్న వాడికి ఆ పేరుతో పనేముంది?

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు. 2020 ఏప్రిల్ 8న కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది, జబ్బు వచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళు ఉండే చోటు సోషల్ మీడియాలో పెట్టొద్దని. ఎవరు విన్నారు? హెచ్ఐవీ విషయంలో అయితే 2017లో చట్టమే చేశారు, ఒకరికి ఆ జబ్బు ఉన్న సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని. ఆ జబ్బు పేరెత్తితే ఊరొదిలి పారిపోయిన రోజుల నుంచి, గర్భిణీలందరూ మామూలుగా టెస్టు చేయించుకునే రోజుల దాకా వచ్చామంటే, నీ సంగతి బయటికి పోదు అన్న నమ్మకం అందులో చాలా పని చేసింది. జ్వరానికి ఆపాటి మర్యాద ఇవ్వలేమా?

కాబట్టి నేను అడిగేది ఇంతే. ఈసారి ఏ కొత్త జబ్బు వచ్చినా, రాకుండా పోదు ఎట్లాగూ, రోగి ఊరు, వీధి, చదివే బడి, ఇంటి ఫొటో వద్దు, జిల్లా పేరు చాలు. పేపర్లో ఆ జాగాలో ఆ జబ్బు ఎట్లా వస్తుంది, ఎట్లా రాదు, ఏ లక్షణం కనపడితే ఆగకుండా పోవాలి, నెల్లూరులో ఒంగోలులో టెస్టు ఎక్కడ చేస్తారు, డబ్బు పడుతుందా పడదా, అది రాయండి. మొదటి రోజు మొదటి పేజీలో అనుమానం అని వేస్తే, రిపోర్టు వచ్చిన రోజు కూడా మొదటి పేజీలోనే వెయ్యండి. ఆ మెట్ట ఊరి బాబు రిపోర్టు ఏమైందని మా షాపు దగ్గర అడిగి చూశాను, అనుమానం అన్న వార్త అందరికీ నోటికి వచ్చు, తర్వాతది ఒక్కరికీ గుర్తు లేదు. అధికారులకి కూడా ఒక మాట. టెస్టు దగ్గర పేరు బదులు టోకెన్ నంబరు పిలవండి, రిపోర్టు ఆ మనిషి ఫోనుకే పంపండి, వీధి గ్రూపులోకి ఆ జాబితా ఎవరు వదిలారో ఒకసారైనా విచారించి చర్య తీసుకోండి.

ఈ ఉత్తరం వేసుకుంటే నా పేరు, షాపు పేరు మాత్రం వెయ్యొద్దండి. నాకేం భయం లేదు, కానీ కొంగులో మాత్రలు ముడేసుకున్న ఆవిడ ఎవరో కనిపెట్టడానికి మా వీధి వాళ్ళకి ఒక్క పూట కూడా పట్టదు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
కోవూరు, నెల్లూరు జిల్లా