ఫిర్యాదు: పొదుగుడు కిట్‌లో 3.175 బదులు 3 మిల్లీమీటర్ల బిట్టు

తిరుపతి

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

గత నెల మీ వెబ్‌సైటులో కొన్న రూటర్ పొదుగుడు కిట్టు (రూటర్ అనే కోత యంత్రంతో ఒక కలపలో ఇంకో కలప ముక్కను పొదిగే సామాను) గురించి మేము రాస్తున్న రెండో ఉత్తరం ఇది. మొదటి ఉత్తరానికి మీ జవాబు రెండే ముక్కలు: కలపలో తేమ ఎక్కువై ఉంటుంది, బాగా ఆరిన కలప వాడి చూడండి అని. మేము ఫిర్యాదు చేసింది కలప మీద కాదు. కిట్టులోని బిట్టుకూ రింగుకూ లెక్క కుదరడం లేదని. ఈసారి కొలతలన్నీ రాస్తున్నాం. దయచేసి ఈ ఉత్తరాన్ని వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పట్టడం తెలిసినవారికి అందించండి.

డబ్బాలో వచ్చినవి ఇవి: రూటర్ అడుగున బిగించి టెంప్లేట్ (నమూనా రంధ్రం ఉన్న అచ్చు పలక) అంచు వెంట నడిపే ఇత్తడి గైడ్ బుష్, దాన్ని బిగించే నట్టు, బుష్ మీద తొడిగే ఇత్తడి రింగు, కార్బైడ్ స్పైరల్ బిట్టు (మెలిక తిరిగిన కోత మొన), మడత పెట్టిన సూచనల కాగితం. బిట్టు 1/8 అంగుళం అని, డౌన్‌కట్ (పొట్టును కిందికి నెట్టే మెలిక) అని డబ్బా మీద అచ్చయి ఉంది. లోపలున్న బిట్టు అదీ కాదు, ఇదీ కాదు.

ముందు సైజు సంగతి. బుష్ బయటి వ్యాసం 7.94 మి.మీ., అంటే 5/16 అంగుళం. రింగు బయటి వ్యాసం 14.29 మి.మీ., అంటే 9/16 అంగుళం. తేడా 6.35, అందులో సగం 3.175. రింగు గోడ మందం అదే. ఇంతవరకు మీ సరుకులో వంక పెట్టడానికి లేదు. బిట్టును రెండు అంచుల మీద పట్టి కొలిస్తే మాత్రం 3.00 వస్తోంది. షాంకు (బిట్టు కాడ) 6.35 సరిగ్గానే ఉంది కాబట్టి రూటర్ బిట్టును పట్టే కొలెట్‌లో చక్కగా బిగుస్తుంది. అందుకే పైకి చూస్తే ఏ అనుమానమూ రాదు.

మా మేస్త్రీల లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. ఒక నూలంటే మూడు మిల్లీమీటర్లే కదా అని నోటిలెక్కకు అందరమూ అనేస్తాం. తలుపు చట్రానికి, బల్ల కాలుకు ఆ లెక్క చెల్లుతుంది. పొదుగుడుకు చెల్లదు. మీకు బిట్లు సరఫరా చేసేవారు కూడా ఆ నోటిలెక్కే వేసినట్టున్నారు.

ఎందుకు చెల్లదో చెప్పాలంటే ఈ కిట్టు పనిచేసే తీరు చూడాలి. ఒకే టెంప్లేట్‌తో రెండు కోతలు. రింగు తొడిగి కోస్తే పలకలో గుంట. రింగు తీసేసి కోస్తే అందులో కూర్చునే ముక్క. గుంట కోసేటప్పుడు బిట్టు మధ్య టెంప్లేట్ అంచుకు 7.14 మి.మీ. లోపల నడుస్తుంది. గుంట అంచును కోసేది బిట్టు బయటివైపు కాబట్టి అందులోంచి బిట్టు సగం తీసెయ్యాలి. ముక్క కోసేటప్పుడు బిట్టు మధ్య 3.97 లోపల నడుస్తుంది. ముక్క అంచు బిట్టుకు లోపలివైపు ఉంటుంది కాబట్టి ఇక్కడ బిట్టు సగం కలపాలి. బిట్టు 3.175 అయితే రెండు లెక్కలూ 5.56 దగ్గర కలుస్తాయి. రింగు గోడ మందం, బిట్టు వ్యాసం ఒకటే ఉండాలనడానికి కారణం ఇదొక్కటే. ఈ కిట్టుకు వేరే రహస్యమేమీ లేదు.

మీరు పంపిన 3.00 బిట్టుతో గుంట అంచు 5.64 దగ్గర పడుతుంది, ముక్క అంచు 5.47 దగ్గర పడుతుంది. గుంట బిగుతైంది, ముక్క లావైంది. పక్కకు 0.175, మొత్తం మీద 0.35 మి.మీ. తేడా. 80 మి.మీ. పద్మం పొదగడానికి టెంప్లేట్ రంధ్రం 91.11 ఉండాలి, అంతే కోశాం. గుంట 79.82 వచ్చింది, ముక్క 80.17 వచ్చింది. మామూలుగా జిగురుకు చోటుండాలని గుంటే ముక్క కంటే 0.05 నుంచి 0.1 దాకా ఎక్కువ ఉండేట్టు చూసుకుంటాం. ఇక్కడ అది తలకిందులైంది. సుత్తితో దిగ్గొడితే టేకు నార వెంబడి చీలుతుంది, లేకపోతే ముక్క అంచు పొరలుగా లేచిపోతుంది. ఉప్పుకాగితంతో అంచు అరగదీస్తే గుండ్రం పోతుంది. ఒకచోట బిగుతు, ఒకచోట సందు మిగులుతాయి. పాలిష్ పడ్డాక ఆ సందు నల్లగీతలా కనిపిస్తుంది.

తేమ అన్న మీ జవాబుకు వద్దాం. కలప తేమకు ఉబ్బేది నారకు అడ్డంగా, నార పొడవునా పెరిగేది లెక్కలోకి రాదు. తప్పు తేమదే అయితే ముక్క ఒకవైపే పెరిగి కోలగా మారాలి. ముక్కను నార పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచాం. రెండువైపులా అదే 80.17. అంతటితో ఆగకుండా జిగురుతో నొక్కి చేసిన, నారే లేని కృత్రిమ పలక ఎం.డి.ఎఫ్.లో గుంట, ఎం.డి.ఎఫ్.లోనే ముక్క కోశాం. అక్కడా అదే 0.35. ఇంకా నమ్మకం కుదరకపోతే మీ దగ్గరే ఒక చిన్న పరీక్ష చేయండి. ఈ బిట్టుతో ఎం.డి.ఎఫ్. పలక మీద ఒకే దారిలో ఒక గాడి తీయండి. 3 మి.మీ. డ్రిల్ బిట్టు కాడ అందులో దిగుతుంది. 1/8 అంగుళం డ్రిల్ బిట్టు కాడ దిగదు. రెండు నిమిషాల పని, వెర్నియర్ కూడా అక్కర్లేదు.

రెండో తప్పు బిట్టు మెలిక. మామూలు డ్రిల్ బిట్టు మెలిక ఎటు తిరిగి ఉంటుందో ఇదీ అటే తిరిగి ఉంది, అంటే అప్‌కట్. పొట్టును పైకి లాగుతూ పై అంచు నారనూ వెంట లేపుతుంది. పొదుగుడులో గుంటకైనా ముక్కకైనా కంటికి కనిపించేది పై ముఖమే. డౌన్‌కట్ అడగడమే అందుకు. మేము టేకు తలుపులో పనస ముక్క పొదుగుతాం. పసుపు రంగు అంచు మీద ఒక్క పెచ్చు లేచినా అడుగు దూరం నుంచి కనబడుతుంది. డౌన్‌కట్‌కు పొట్టు గాడిలోనే దిగబడే గుణం ఉంది నిజమే. అందుకే దాన్ని ఒక్కో విడతకు 1 మి.మీ. మించి దించం, 3 మి.మీ. గుంటను మూడు విడతల్లో తీస్తాం. ఆ ఓపిక మాకుంది. డబ్బాలో డౌన్‌కట్ బిట్టే లేదు.

మూడోది రింగు. దాన్ని బుష్ మీద పట్టి ఉంచేది లోపలున్న రబ్బరు వలయం ఒక్కటే. అది వదులుగా ఉంది, బుష్‌ను తలకిందులు చేస్తే రింగు తనంతట తానే జారి పడుతోంది. గుంట కోస్తుండగా రింగు జారితే బిట్టు గీత దాటి 3.175 మి.మీ. పక్కకు దూకుతుంది. ఆ దెబ్బ తిన్న పలకను బాగు చేసే దారి లేదు, గుంటనే పెద్దది చేసుకోవాలి. ఎర్రచందనం అయితే మరీ కష్టం. శేషాచలం పక్కనే ఉన్నాం కదా అని ఆ కలప మాకు ఊరికే దొరకదు. బిల్లు, అటవీ శాఖ అనుమతి లేనిదే ముట్టుకోకూడని సరుకు. పాడైన ముక్కకు బదులు సాయంత్రం వెళ్లి డిపోలో ఇంకొకటి తెచ్చుకునేది కాదు.

ఇక సూచనల కాగితం. టెంప్లేట్ లోపల రూటర్‌ను గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పమని బాణం గీశారు. పైనుంచి చూస్తే బిట్టు తిరిగేది సవ్యంగా, అంటే గడియారం ముల్లు తిరిగేవైపే. అలా తిరిగే బిట్టు గాడి కోస్తూ ముందుకు పోతుంటే రూటర్‌ను ఎడమకు తోస్తుంది. టెంప్లేట్ గోడ ఎడమ చేతివైపు ఉండాలంటే లోపల మనం కూడా సవ్యంగానే తిరగాలి. అప్పుడు ఆ తోపే బుష్‌ను గోడకు ఆనించి పెడుతుంది. మీ బాణం ప్రకారం పోతే గోడ నుంచి దూరంగా లాగుతుంది. గుంట కోసేటప్పుడు అలా జరిగినా నష్టం లేదు, ఎలాగూ పోవాల్సిన కలపే కాబట్టి మళ్లీ ఒక విడత అంచు వెంట తిప్పితే సరి. ముక్క కోసేటప్పుడు వెంట్రుక వాసి పక్కకు జరిగినా బిట్టు ముక్కలోకే దిగుతుంది, ముక్క చెడినట్టే. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు కాగితం చూసే పని మొదలుపెడతారు. ఆ బాణం సరిదిద్దండి.

ముక్క చెక్కను కింద పలకకు డబుల్ సైడ్ టేపుతో పూర్తిగా అంటించాలన్న మాట కూడా ఆ కాగితంలో ఎక్కడా లేదు. అంటించకపోతే చివరి అంగుళం కోతలో ముక్క ఊడి బిట్టుకు తగిలి ఎగురుతుంది. పని పాడవడం అటుంచి, కంటికి ప్రమాదం.

డబ్బా మీది బొమ్మ గురించి ఒక్కమాట. అందులో శంఖం కొన సూదిలా ఉంది, నామం నడిమి గీత దారంలా ఉంది. ఈ కిట్టుతో అవి సాధ్యం కావు. టెంప్లేట్‌లో 14.29 కంటే సన్నటి సందులోకి రింగే దూరదు. కాబట్టి పొదిగే గీత 3.175 కంటే సన్నగా రాదు, లోపలి మూల ఏదైనా దాదాపు 1.6 మి.మీ. గుండ్రం లేకుండా రాదు. ఇక్కడ పూజగది తలుపు చేయించుకునేవారు మొదట అడిగేవి శంఖుచక్రాలు, నామం. కొనలు ఉలితో తీర్చుకోవడం మాకు తెలుసు, కానీ బొమ్మ చూసి కొనేవాళ్లందరికీ తెలియదు. కనీస వెడల్పు, కనీస మూల గుండ్రం డబ్బా మీద వేయండి. శ్రీకాళహస్తి కలంకారీలో కనిపించే మామిడి పిందె లాంటి గుండ్రటి నమూనా వేసుకున్నా సరిపోతుంది. దాని తోక కొసను కొంచెం మొద్దు చేస్తే ఈ కిట్టుకు చక్కగా లొంగుతుంది.

పని ఆగకూడదని ప్రస్తుతానికి ముక్క కోసేటప్పుడు బుష్ చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేస్తున్నాం. టేపు మందం సుమారు 0.13 ఉంటుంది కాబట్టి 0.35 తేడాలో 0.26 తగ్గుతుంది, మిగతాది చేత్తో తీరుస్తున్నాం. టేపు అతుకు దగ్గర చిన్న మిట్ట పడుతుంది, నాలుగు ముక్కలు కోసేసరికి వేడికి జిగురు జారిపోతుంది. ఇది గడ్డుకాలం ఉపాయమే. మళ్లీ ఫోన్ చేసినప్పుడు మీవాళ్లు దీన్నే పరిష్కారమని మాకు తిప్పి చెప్పకూడదనే ముందుగా రాస్తున్నాం.

మేము అడిగేవి: అసలైన 3.175 మి.మీ. డౌన్‌కట్ కార్బైడ్ బిట్టు, పట్టు ఉన్న కొత్త రింగు, సరిదిద్దిన సూచనల కాగితం. పంపేముందు బిట్టును, రింగు గోడను కొలిచి ఆ రెండు అంకెలూ ఒక చీటీ మీద రాసి డబ్బాలో పెట్టండి. 15 రోజుల్లో ఇవి పంపలేకపోతే కిట్టు వెల మొత్తం, రానుపోను కొరియర్ ఖర్చు వెనక్కి ఇవ్వండి. రెండూ జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు కూడా లేదు. అంతదూరం రానివ్వరని అనుకుంటున్నాం, ఎందుకంటే మీ బుష్, రింగు కొలతల్లో నిజంగా తేడా లేదు. మార్చాల్సిందల్లా ఆ బిట్టు సరఫరా.

బిల్లు నకలు, వెర్నియర్ మీద అంకెలు కనిపించేలా తీసిన ఫొటోలు ఈ ఉత్తరంతో జతపరిచాం. మీరు పంపిన బిట్టును, మేము కోసిన ఎం.డి.ఎఫ్. పలకను, దాని ముక్కను విడిగా పార్శిల్ చేస్తున్నాం. ముక్కను గుంట మీద పెట్టి చూడండి. సుత్తి మాత్రం వాడకండి.

ఇట్లు,
పూజగది తలుపుల వర్క్‌షాపు పనివారు,
తిరుపతి