పక్షపాతం వెతకాల్సింది సెంటర్ కోర్టులో కాదు

సంపాదకులకు నమస్కారం.

టెన్నిస్‌లో ఏ గొడవ జరిగినా మన క్రీడా పేజీల్లో ‘అంపైర్ పక్షపాతం’ అన్న శీర్షికే కనిపిస్తోంది. కంటికి సరిగా ఆనకపోవడం వేరు, రూల్‌ను కఠినంగా వాడటం వేరు, ఒకరికి మేలు చేయాలనుకోవడం వేరు. మూడింటినీ ఒకే గాటన కడితే అసలు దొంగ తప్పించుకుంటాడు.

కంటి పొరపాట్లకు చాలావరకు మందు దొరికింది. 2004 యూఎస్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్లో జెన్నిఫర్ కాప్రియాటిపై సెరెనా విలియమ్స్ కొట్టిన బంతి స్పష్టంగా లోపల పడితే, చైర్ అంపైర్ (ఎత్తు కుర్చీలో కూర్చుని మ్యాచ్ నడిపే అధికారి) గీత దగ్గర నిలబడి బంతిని చూసే లైన్ జడ్జిని కాదని అవుట్ ఇచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే, అనుమానం ఉన్న కాల్‌ను కెమెరాలతో సరిచూసుకునే హాక్‌ఐ ఛాలెంజ్ వచ్చింది. 2025లో వింబుల్డన్ కూడా లైన్ జడ్జీలను పూర్తిగా పక్కనపెట్టి, ‘అవుట్’ చెప్పే పనిని యంత్రానికే అప్పగించింది.

ఆ వింబుల్డన్‌లోనే యంత్రం మూగబోయింది. రష్యాకు చెందిన పావ్లుచెంకోవా, బ్రిటన్‌కు చెందిన సోనే కార్తల్ మధ్య ప్రీక్వార్టర్స్. తొలి సెట్ 4-4, ఒక్క పాయింట్ వస్తే గేమ్ పావ్లుచెంకోవాదే. కార్తల్ కొట్టిన బంతి కోర్టు చివరి గీత (బేస్‌లైన్) దాటి పడినా ‘అవుట్’ అన్న పిలుపు రాలేదు. కోర్టులో ఆ వైపు వ్యవస్థను ఆపరేటర్ పొరపాటున ఆపేశారు. చైర్ అంపైర్ పాయింట్‌ను మళ్లీ ఆడించారు, పావ్లుచెంకోవా ఆ గేమ్ పోగొట్టుకుంది. కార్తల్ బ్రిటన్ అమ్మాయి కదా, ఇంకేం, పక్షపాతం అన్నారు. రూల్ చూడండి: యంత్రం పలకకపోతే చైర్ అంపైరే చెప్పాలి, ఆయనకూ తేలకపోతేనే రీప్లే. అంత దూరం పడిన బంతిని చెప్పలేకపోవడం లోపమే. యంత్రం చూసుకుంటుందిలే అనుకుంటే కన్ను మొద్దుబారుతుంది. దాన్ని పక్షపాతం అనలేం. చివరికి మ్యాచ్ గెలిచింది కూడా పావ్లుచెంకోవాయే. ఆ తర్వాత ఆపరేటర్ చేత్తో ఆపేసే వీలునే నిర్వాహకులు తీసేశారు.

రూల్‌ను ఎంత కఠినంగా వాడాలన్నది ఇంకా జటిలం. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో చైర్ అంపైర్ కార్లోస్ రామోస్ సెరెనాకు వేసిన శిక్షలు మూడు మెట్లు: కోచింగ్‌కు వార్నింగ్, రాకెట్ విరిచినందుకు ఒక పాయింట్ కోత, తనను ‘దొంగ’ అన్నందుకు ఏకంగా ఒక గేమ్ కోత. రెండో సెట్‌లో 3-4 కాస్తా 3-5 అయింది. రూల్ పుస్తకం ప్రకారం ఒక్కటీ తప్పు కాదు. కానీ 2025 జనవరి నుంచి స్టాండ్‌లోంచి కోచింగ్‌ను రూల్సే అనుమతిస్తున్నాయి. ఈనాటి రూల్ ఆనాడు ఉంటే మొదటి మెట్టే ఉండేది కాదు. రాకెట్‌కు వార్నింగ్, ‘దొంగ’ మాటకు ఒక పాయింట్‌తో సరిపోయేది, గేమ్ పోయేది కాదు. ఇక్కడ తగాదా మనిషితో కంటే రూల్‌తోనే ఎక్కువ. అంతకు కొద్దిరోజుల ముందు అదే టోర్నీలో మరో అంపైర్ మహమ్మద్ లహ్యాని మ్యాచ్ మధ్యలో కుర్చీ దిగి ఆటగాడు కిర్గియోస్‌కు ధైర్యం చెప్పినట్టు మాట్లాడారు. మా లెక్కలో తటస్థతకు పెద్ద దెబ్బ అదే. ఆయన్ను తర్వాత రెండు టోర్నీలకు దూరం పెట్టారు.

అసలైన కుళ్లు బయటపడింది కెమెరాలు లేని చిన్న టోర్నీల్లో. అక్కడ చైర్ అంపైర్ చేతిలోని పరికరంలో స్కోరు కొడితేనే అది బెట్టింగ్ సంస్థలకు చేరుతుంది. కొందరు అంపైర్లు కావాలనే ఆలస్యంగా కొట్టారు. పాయింట్ ఎవరిదో ముందే తెలిసిన వాళ్లు ఆ కాస్త వ్యవధిలో పందెం కాసేవాళ్లు. 2016లో ఇది వెలుగులోకి వచ్చాక కొందరిపై నిషేధాలు పడ్డాయి. దీనికి ఒక్క లైన్ కాల్ (బంతి లోపలా, అవుటా అన్న నిర్ణయం) కూడా తప్పు ఇవ్వనక్కర్లేదు!

ఇక మన సంగతి. విజయవాడ, గుంటూరు జూనియర్ పోటీల్లో చాలా మ్యాచ్‌లకు చైర్ అంపైర్ ఉండరు. పిల్లలే తమ వైపు బంతికి కాల్ ఇచ్చుకోవాలి. బంతి పడ్డ వెంటనే, అవతలివాళ్లకు వినపడేలా ‘అవుట్’ అనాలి. అనుమానం ఉంటే ప్రత్యర్థికే మేలు చేయాలి. లైన్ అంచు తగిలినా బంతి లోపలే. మట్టి కోర్టులో మచ్చను కాలితో చెరిపితే కాల్ వదులుకున్నట్టే.

గొడవలు ఎక్కువగా పుట్టేది స్కోరు దగ్గర. సర్వ్ చేసేవాళ్లు ప్రతి పాయింట్‌కు ముందు స్కోరు గట్టిగా చెప్పకపోవడమే కారణం. 40-30 అని ఒకరు, 30-40 అని మరొకరు వాదిస్తే ఇద్దరూ ఒప్పుకున్న పాయింట్లు నిలుస్తాయి, తేలని ఒక్క పాయింటే పోతుంది. 30-30 నుంచి ఆడాలి. ఇది తెలియక గేమ్ మొత్తం మళ్లీ మొదలుపెట్టిస్తారు. కంచె బయటి నుంచి ‘నాన్నా, అది లోపలే పడింది’ అని అరిచే తల్లిదండ్రులకు కాల్స్‌లో జోక్యం చేసుకునే హక్కు లేదు. పిల్లాడికి అభ్యంతరం ఉంటే వాడే ఆట ఆపి రిఫరీని పిలవాలి.

నిర్వాహకులకు ఒక్క విన్నపం. పెద్ద టోర్నీల్లో ఆటగాడి దేశానికే చెందిన వ్యక్తిని వీలైనంతవరకు ఆ మ్యాచ్ కుర్చీలో కూర్చోబెట్టరు. మన దగ్గరేమో అకాడమీ కోచే తన శిష్యుడి కోర్టుకు పర్యవేక్షకుడిగా కనిపించడం మామూలైంది. ఎవరు ఎవరితో ఆడాలో చూపే డ్రా షీట్ పక్కనే ప్రతి కోర్టు పర్యవేక్షకుడి పేరు, ఆయన అకాడమీ పేరు రాసి అంటించండి. అభ్యంతరం ఉన్నవాళ్లు మొదటి బంతి పడకముందే చెబుతారు.

– టెన్నిస్ అంపైరింగ్ తెలిసిన కొందరం, బ్రాడీపేట, గుంటూరు